చింతగింజల కుప్ప మీద సాయన్న

మా బాన్సువాడలో వరికోత మిషన్ నడిపే సాయన్నను చూస్తే మిషనే వణుకుతుంది. అతను సీట్లో కూర్చుంటే చాలు, పక్క పొలంలో వడ్లు వాటంతట అవే రాలిపోతాయని బీర్కూర్‌లో చెప్పుకుంటారు. ఆ మాట పుట్టించింది నేనే అనుకోండి, అయినా చెప్పుకుంటున్నారు కదా.

మొన్న వానాకాలం కోతలప్పుడు ముసురు పట్టి మిషన్లన్నీ ఆగిపోయాయి. ట్రాక్టర్ షెడ్డు నర్సింలుకు అప్పుడే మనవడు పుట్టాడు. ఆ సంబరంలో పేకాట పోటీ పెట్టి, గెలిచినవాడికి పొట్టేలన్నాడు. పందేనికి డబ్బులు కాదు, తలా ఒక దోసెడు చింతగింజలు. ఆట పోకర్, నేర్పింది నేను. ఇంటర్ మధ్యలో వదిలేసి ఫోన్లో ఈ చదువు చదివాను మరి. నాతో ఆడినవాళ్ళు ఫోన్లు అమ్ముకున్నారు. చేతిలో రెండు ముక్కలు, మధ్యలో అందరికీ కలిపి అయిదు. బాగుంటే గింజలు ఒడ్డాలి, లేకపోతే పడేసి తప్పుకోవాలి. గింజలన్నీ పోతే లేచిపోవాలి.

ఆట మొదలు కాకముందే సాయన్న అత్తగారి ఊరు డోంగ్లికి ఫోన్ చేసి, ఆదివారం పొట్టేలు కూర తినడానికి రమ్మని అందరినీ పిలిచేశాడు. భార్య సమ్మవ్వ మసాలా కూడా నూరిపెట్టింది. ఇక గెలవకపోతే పరువు దక్కదు.

మధ్యాహ్నానికి సాయన్న ముందు ఎంత కుప్ప పడిందంటే, దాని మీదికెక్కి కోడి కూసింది. ఎదురుగా ఒక్కడే మిగిలాడు: డోంగ్లి నుంచి కోతలకొచ్చి ముసురుకు చిక్కిన సమ్మవ్వ అన్న పోచన్న, పిడికెడు గింజలతో.

నేను సాయన్న చెవిలో చెప్పాను. "అన్నా, పెద్ద కుప్పున్నోనికి తొందరేంది? చెత్త ముక్కలొస్తే పడేయ్. మంచియి వచ్చినప్పుడే మీద పడు."

అతను బుద్ధిగా మొదటి ముక్కలు పడేశాడు.

"ఏంది బావా!" అన్నాడు పోచన్న. "మా చెల్లెను మిషన్ నడిపేటోనికిచ్చినం అనుకున్న. గింజలు జూసి గజగజ వణికేటోనికిచ్చినమా?"

సాయన్న చెవులు ఎర్రబడ్డాయి.

"అననీ అన్నా, ఫికర్ జేయకు," అన్నాను.

"నీకు పెండ్లి కాలే, నీకేం ఎరుక! బావ ముంగట తగ్గితే సచ్చేదాంక ప్రతి పెండ్లిల గదే ముచ్చట జెప్తరు."

అంతే, తర్వాత అన్నిటికన్నా చెత్త ముక్కలు రెండు, ఏడు వచ్చినా తగ్గలేదు. సగం కుప్ప పోచన్న వైపు జరిగింది. చివరికి సాయన్నకు అన్నిటికన్నా పెద్ద ముక్కలు, రెండు ఆసులు పడ్డాయి. ఒళ్ళు మరిచి గింజలన్నీ ముందుకు తోశాడు. పోచన్న చల్లగా ముక్కలు పడేశాడు, సాయన్నకు దక్కినవి నాలుగు గింజలే.

"నువ్వు భయపడ్డవు బావా!" అని అరిచాడు సాయన్న.

"పిల్లనిచ్చినోన్ని. నేను భయపడొచ్చు, నువ్వు పడొద్దు."

ఈ న్యాయం విని సాయన్న మళ్ళీ ముక్కలందుకున్నాడు. చెత్త ముక్కలతోనే పౌరుషం చూపిస్తూ పోయాడు. సాయంత్రానికి కోడికి నిలబడే చోటు కూడా మిగల్లేదు. నర్సింలు పొట్టేలు తాడు తెచ్చి పోచన్న చేతికిచ్చాడు.

డోంగ్లి బస్సులో కండక్టర్ పొట్టేలును ఎక్కనివ్వలేదు. దాన్ని పోచన్న చెల్లెలి వాకిట్లోనే కట్టేసి వెళ్ళాడు.

ఆదివారం అత్తవారి మంది అంతా దిగారు. నూరిన మసాలానంతా సమ్మవ్వ ఆలుగడ్డ కూరలో వేసింది. సాయన్న తల వంచుకుని వడ్డించాడు. పోచన్న ఒక ముద్ద తిని లొట్టలేశాడు.

"మసాలా మస్తు కుదిరింది చెల్లె. అచ్చం పొట్టేలు వాసనొస్తుంది."

"గది వాకిట్లకెల్లి వస్తుంది అన్నా," అంది సమ్మవ్వ. "ఇగ తిను."