అక్క ఎడమచేయి

ఈ బరువు ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. అసలు చెప్పాల్సింది మా అక్కకే. ముందు మీతో చెప్పుకుంటే ఆమె దగ్గర నోరు పెగులుతుందేమోనని రాస్తున్నాను.

మాది నల్లమాడ దగ్గర పల్లె. చిన్నప్పుడు పోలియో వచ్చి అక్క ఎడమచేయి సన్నబడిపోయింది. ఆ చేత్తోనే గుడ్డ అదిమిపట్టి ఊరందరి జాకెట్లూ కుట్టేది. నా కాలేజీ చుడీదార్లన్నీ ఆమె కుట్టినవే.

నేను కదిరిలో డిగ్రీ చదివే రోజుల్లో అక్కకు ఒక సంబంధం వచ్చింది. తెచ్చింది మా చిన్నాయన. అబ్బాయిది మడకశిర వైపు, బెంగళూరులో ఉద్యోగం. ఫోటో మెయిల్లో పంపమన్నారు. అక్క స్టూడియోలో నిలువెత్తు ఫోటో తీయించుకుంది. చేతిమీద కొంగు కప్పుకోమని ఫోటోగ్రాఫరు చెప్పినా వినలేదు. కుర్చీ వీపుమీద ఆ చేయి ఆనించి నిలబడింది.

"చేయి కనపడాల. చూసి ఒప్పుకునేటోడే రానీ" అంటూ సీడీ నా చేతికిచ్చింది.

నెట్ సెంటర్లో ఫోటో తెరిచాను. పక్క కంప్యూటర్ దగ్గర మా క్లాసమ్మాయి తొంగిచూసి, ఆమె చేయి అట్లుందేమని అడిగింది. మా అక్క అని నేను చెప్పలేదు. ఆ అమ్మాయి వెళ్ళాక, ఉచితంగా ఫోటోలు కత్తిరించుకునే సైటు ఒకటి వెతికాను. ఫోటో చుట్టూ గీతల పెట్టె వస్తుంది. మూల పట్టుకుని లాగితే చాలు. లాగాను. కుర్చీ పోయింది, చేయి పోయింది. నవ్వుతున్న ముఖం మిగిలింది. ఎంత బాగుందో అనుకున్నాను కూడా. అదే పంపాను.

అక్క మంచికే చేశానని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. ముందు ముఖం నచ్చితే, ఆ తర్వాత చేయి సంగతి ఆ అబ్బాయి పట్టించుకోడని నా లెక్క. నిజంగా అదేనా? క్లాసమ్మాయి అడగకపోయుంటే ఆ మూల లాగేదాన్నా?

వాళ్ళు వచ్చారు. అక్క కాఫీ పళ్ళెం తెచ్చింది. ఎవరూ గ్లాసు తీసుకోలేదు. ఫోటోలో ఈ చేయి లేదే అని అబ్బాయి తల్లి చిన్నాయనను నిలదీసింది. ఆయన తెల్లబోయాడు. ఫోటోలో ఎట్లాగూ కనిపిస్తుంది కదా అని తాను నోటితో చెప్పలేదన్నాడు. అబ్బాయి కోప్పడలేదు. లేస్తూ మెల్లగా అన్నాడు: "చేతిదేముందప్పా. ముందే చెప్పింటే వచ్చేటోళ్ళమే. దాచినారే, అదే బాగలేదు."

వాళ్ళు వెళ్ళిపోయాక అక్క మిషను ముందు కూర్చుంది. నా వైపు చూడకుండా అడిగింది.

"పూర్తి ఫోటోనే పంపినావు గదా?"

"పంపినా అక్కా. ఆడ సగమే తెరుచుకునిందేమో. నెట్ నిదానం గదా."

నమ్మింది. నా మాట ఆమె ఎప్పుడూ అనుమానించలేదు.

నింద చిన్నాయన మీద పడింది. నోటితోనైనా చెప్పాల్సిందని నాయన ఆయన్ను నలుగురిలో తిట్టాడు. అక్క ఆయనతో మాట మానేసింది. ఆయన మా గడప తొక్కలేదు. ఒకసారి ముదిగుబ్బ బస్టాండులో నాకు ఎదురుపడి అక్క ఎట్లుందని అడిగాడు. బాగుందని చెప్పి గబగబా బస్సెక్కాను. తర్వాత కొన్నేళ్ళకు ఆయన పోయాడు. కడసారి చూడటానికి అక్క వెళ్ళలేదు. అప్పుడైనా నేను నోరు తెరిచుంటే వెళ్ళేది.

అక్క ఇప్పుడు కదిరిలో టైలరింగ్ షాపు నడుపుతోంది. పెళ్ళి కాలేదని ఆమె ఏడ్చింది లేదు. అయితే ఆ తర్వాత ఎవరికీ ఫోటో ఇవ్వలేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తనను ఉన్నదున్నట్టు చూడమని లోకం ముందు నిలబడిన మనిషిని నేను సరిదిద్దాను.

క్షమించమని అడగడానికి చిన్నాయన లేడు. అక్క క్షమిస్తుందో లేదో నాకు తెలియదు. అది మీరు చెప్పగలిగిందీ కాదు. ఆమె మంచికని నేను అన్నది అబద్ధం. సిగ్గుపడ్డాను. మా అక్కను చూసి నేను సిగ్గుపడ్డాను. ఇంతకాలానికి ఈ ఒక్క మాట రాయగలిగాను.