లూసీ ఆంటీ చిన్న జార్

లూసీ ఆంటీ భీమవరం దగ్గరి పల్లె నుంచి అమెరికాలోని క్యారీకి వచ్చి పద్దెనిమిదేళ్లు. అందులో తొమ్మిదేళ్లు ఇలోనా అనే హంగేరియన్ ముసలావిడకి స్నానం చేయించింది, తినిపించింది; చివరికి ప్రాణం పోయాక ఆవిడ కళ్లు మూసింది కూడా ఈమే. ఇప్పుడు ఇంట్లోనే, ఉద్యోగాలకి వెళ్లేవాళ్ల పిల్లల్ని నలుగురిని చూసుకుంటుంది. సాయంత్రానికి మోకాళ్లు వాచిపోతాయి.

ఏటా మార్చిలో ఇలోనా పుట్టినరోజుకి, ఆవిడ నేర్పిన అరాన్‌గలుష్క చేస్తుంది. పులిసిన పిండిని నిమ్మకాయంత ఉండలు చేసి, కరిగిన వెన్నలో ముంచి, చక్కెర కలిపిన వాల్‌నట్ పొడిలో దొర్లించి, గిన్నెలో పేర్చి బేక్ చేస్తే అన్నీ అతుక్కుని ఒకే కేక్ అవుతుంది. చేత్తో తుంచుకుని తినాలి.

కిందటి మార్చిలో ఒక్క ఉండ తిని మా పాప ఇషా పెదాలు వాచి, ఊపిరాడక అంబులెన్స్ ఎక్కింది. దానికి వాల్‌నట్స్ పడవని అప్పుడే తెలిసింది. అప్పట్నుంచి ఇంటి నుంచే పనిచేస్తూ నేనే చూసుకుంటున్నాను. సోమవారం నుంచి మళ్లీ ల్యాబ్‌కి రమ్మన్నారు. దాన్ని ఆంటీ దగ్గర వదలగలనో లేదో తేల్చుకోవడానికే ఆ శనివారం వెళ్లాను.

"ఈసారి వాల్‌నట్స్ లేవు జయంతీ. పుట్నాల పప్పు పొడి. ఇలోనా చూస్తే నన్ను తిట్టిపోసేది" అంది ఆంటీ, కేక్ బల్ల మీద పెడుతూ. గిన్నె కొత్తది. వెన్న అట్టపెట్టె కూడా, దాని మీద రాసింది నాకు చూపించడానికి పారేయకుండా ఉంచింది.

ఇషా చెయ్యి చాచింది. పట్టుకుని ఆపాను.

"ఆంటీ, పొడి ఏ జార్‌లో పట్టారు?"

ఆమె మిక్సీ వైపు చూసి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"చిన్న జార్‌లో. క్రిస్మస్‌కి వాల్‌నట్స్ పట్టింది కూడా అందులోనేనమ్మా. కడిగాననుకో. బ్లేడు కింద ఏముందో ఎవరికి తెలుసు?"

కొత్త జారేనని చెప్పి ఉంటే నమ్మేదాన్ని.

"మమ్మీ, జస్ట్ వన్!"

"వద్దు బంగారం" అంది ఆంటీ, నాకంటే ముందే. పొద్దున ఐదింటి నుంచి చేసిన కేక్‌ని తీసుకెళ్లి పక్కింట్లో ఇచ్చి వచ్చింది. మోచేతుల దాకా చేతులు కడుక్కుని మళ్లీ పిండి డబ్బా తీసింది.

"ఇప్పుడొద్దులెండి, అలిసిపోయారు."

"మూడు గంటలేగా! వెళ్లి మీ మిక్సీ జార్ పట్టుకురా. నీ మొహం చూస్తే నువ్వూ నిద్రపోయి ఎన్నాళ్లో అయినట్టుంది. పిల్లని తీసుకెళ్తావా, ఇక్కడే ఉంచుతావా?"

ఇషా అలర్జీ ఇంజెక్షన్ ఉన్న సంచి ఆమె పక్కన పెట్టాను.

"బల్ల తుడిచేదాకా దాన్ని కింద కూర్చోబెట్టండి, ఏమీ ముట్టుకోకుండా."

"రెండుసార్లు తుడుస్తాలే, వెళ్లు."

కారు దాకా ఒక్కదాన్నే నడిచాను.