జ్ఞానప్రసూన డై అరగదీసిన వారం

జ్ఞానప్రసూనకి ఒక జబ్బు ఉంది. పని అయిపోయినా ఆపడం చేతకాదు. సిడ్నీకి పడమటి వైపు టూంగాబీలో ఏళ్ల తరబడి పళ్ల డాక్టరుగా చేసింది. పూడ్చిన పన్ను తళతళలాడేదాకా రోగిని కుర్చీలోంచి లేవనిచ్చేది కాదు. "ఇక చాలమ్మా" అందామన్నా వాళ్లకి వీలేదీ, నోటినిండా ఈవిడ సామాన్లే కదా!

రిటైరయ్యాక అందరూ ఏ యోగా క్లాసులోనో చేరతారు. ఈవిడ తుపాకి పట్టింది. నవ్వకండి, నిజమే. ఆమె దగ్గర పళ్లు కట్టించుకున్న రామ్‌సామి అనే ఫిజీ తెలుగాయన ఉన్నాడు. బస్సులు నడిపి రిటైరైన మనిషి, పాత రైఫిళ్ల క్లబ్బులో జట్టు కెప్టెన్. "ఒకసారి వచ్చి చూడు అక్కా" అని పిలిచాడు. రామ్‌సామి తెలుగులో 'మీరు' ఉండదు, అందరూ 'నువ్వే'. వెళ్లింది, చూసింది, అంతే, తగులుకుంది. లైసెన్సు తెచ్చుకుంది. ఎప్పటిదో సైన్యం వాళ్ల రైఫిల్ ఒకటి కొనుక్కుంది. సీసం కరిగించి అచ్చులో పోసి గుళ్లు చేసుకోవడం కూడా నేర్చుకుంది. పంటికి తొడుగులు పోయించిన చెయ్యికి అదేమంత కష్టం?

భర్త ఆనందరావు యూనివర్సిటీలో లెక్కలు చెప్పిన పెద్దమనిషి. దీపావళికి కాకరపువ్వొత్తి కాల్చాలన్నా చెయ్యి బారెడు చాపి, మొహం పక్కకి తిప్పుకునే రకం. అయినా పెళ్లాన్ని తుపాకులు కాల్చే రేంజి దగ్గర దింపేవాడు, కారు అద్దాలు పైకెత్తుకుని పార్కింగులోనే కూర్చునేవాడు.

క్లబ్బు జట్టులో నలుగురు. ఏటా పక్క క్లబ్బుతో ఒక పోటీ. ఏటా జ్ఞానప్రసూన రిజర్వు. రిజర్వు అంటే ఏముంది, పడుకుని కాల్చే చాప చుట్టి చంకలో పెట్టుకుని, ఎవరికైనా నడుం పట్టేస్తుందేమోనని చూస్తూ కూర్చోవడం. ఎవరికీ పట్టేది కాదు. ఏం నడుములో అవి!

ఈ ఏడు మాత్రం జట్టులోంచి ఒకాయన క్వీన్స్‌లాండ్ వెళ్లిపోవడంతో ఆ చోటు ఆమెకి వచ్చింది. ఆవేళ ఇంటికొచ్చి వంటింట్లో చిన్నపిల్లలా గెంతింది. "మెల్లిగా ప్రసూనా, మోకాళ్లు!" అని ఆనందరావు గాభరాపడ్డాడు.

తీరా ప్రాక్టీసుకి వెళ్తే కథ అడ్డం తిరిగింది. ఆమె కాల్చిన గుళ్లు గురి అట్టకి ముక్కుతో తగలకుండా పక్కవాటున తగులుతున్నాయి. గుండ్రటి కన్నాలు పడాల్సిన చోట తాళంచెవి దూరే సందుల్లాంటివి పడ్డాయి.

రామ్‌సామి తుపాకి గొట్టంలోకి తొంగి చూసి తల ఊపాడు. "నీ గన్ను ముసల్ది అక్కా. బ్యారెల్ అరిగి లూజు అయిపోయింది. గుండుకి పట్టు దొరకతా లేదు. కొంచెం లావు గుండు కావాల."

"మరి పోటీ?"

"సాటర్‌డే మళ్లీ చూస్తా. అప్పుడు గానీ రౌండ్ హోల్స్ పడకపోతే నిన్ను ఆపేయాల. నాకు ఇష్టమై కాదక్కా. సేఫ్టీ అది."

అన్యాయమేం కాదు, ఆయన చెప్పింది నిజమే. అందుకే మరీ గుచ్చుకుంది.

అచ్చులోంచి ఊడిన గుండు లావుగానే ఉంటుంది. కాకపోతే ఒకటి కాస్త ఎక్కువ, ఒకటి కాస్త తక్కువ, కొన్ని కోడిగుడ్డు వాటం. వాటిని ఒకే కొలతకి తేవడానికి సైజింగ్ డై అని ఒకటుంటుంది. నడుమ నున్నటి కన్నం ఉన్న ఉక్కు దిమ్మ. గుండుని అందులోంచి నొక్కి అవతలికి తోస్తే కన్నమెంతో గుండూ అంతే అయి వస్తుంది. ఆమె దగ్గరున్న డై కన్నం అందరి తుపాకులకీ సరిపోయేది, ఈ ముసలి తుపాకికి ఇరుకు. కావలసిన సైజు కోసం ఫోన్లు చేసింది, నెట్టంతా వెతికింది. ఎక్కడా లేదు. పై దేశం నుంచి రావాలి, వచ్చేసరికి పోటీ కాస్తా అయిపోతుంది.

"కన్నం పెద్దది చెయ్యడం నాకు రాదా ఏంటి! బతుకంతా చేసింది అదేగా," అంది భర్తతో.

విరిగిన చెక్క తెడ్డు కాడ చివర చీల్చి, అందులో గరుకు కాగితం దోపి, నూనె చుక్క వేసి, డై కన్నంలో తిప్పడం మొదలెట్టింది. డ్రిల్లు వాడలేదు, చేత్తోనే. కాసేపు తిప్పడం, తుడవడం, ఒక గుండు తోసి కొలవడం. ఎక్కడ తగులుతోందో తెలియడానికి, పళ్ల మధ్య పెట్టి కొరికించే నీలిరంగు కాగితం గుండుకి రుద్ది తోసేది. నీలం చుట్టూ సమంగా చెరిగితే డై అన్ని వైపులా పడుతున్నట్టు. రెండు రోజులకి కొలత కుదిరింది. వెంట్రుకవాసి తేడా లేదు.

అక్కడ ఆపితే జ్ఞానప్రసూన ఎందుకవుతుంది? లోపల సన్నటి గీతలు కనిపించాయి. కళ్లకి నచ్చలేదు. పాలిష్ ముద్ద తీసింది. ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అనుకుంటూ మెరుపు తేలేదాకా రుద్దింది. అబ్బ, ఎంత ముచ్చటగా ఉందో! తీరా గుండు వేస్తే జారి అవతల పడింది. నీలం ఒక పక్కే చెరిగింది. కన్నం మితిమీరిపోయింది.

ఉక్కుని అరగదీయగలం గానీ మళ్లీ అతికించగలమా? గ్యారేజీలో స్టూలు మీద కూలబడి తనని తానే తిట్టుకుంది. "బుద్ధి లేదు నాకు. ఎన్నేళ్లొచ్చినా బుద్ధి లేదు."

ఆనందరావు టీ తెచ్చిచ్చాడు. లెక్కల మనిషి కదా, ఓదార్చడం కూడా ప్రశ్నలతోనే. "నీ దగ్గరికొచ్చిన వాళ్లకి పంటి తొడుగు వదులైతే ఏం చేసేదానివి?"

"లోపల పూత పూసి బిగించేదాన్ని."

"మరి దీనికి?"

"డై లోపల పూత నిలవదండీ..." అని చటుక్కున ఆగిపోయింది. డైకి నిలవదు. గుండుకి నిలుస్తుంది!

క్లబ్బులో కొందరు గుళ్లకి రంగు పొడి పట్టించి ఓవెన్లో కాలుస్తారు. ఇనుప గేట్లకి వేసే పౌడర్ కోటింగే. ఇన్నాళ్లూ "ఇదేం సోకు, గుళ్లకి గోళ్లరంగా?" అని వాళ్లని ఏడిపించింది ఈవిడే. ఇప్పుడు ఆ సోకే దిక్కయింది. సిగ్గు చంపుకుని రామ్‌సామికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పింది. అవతల పెద్ద నవ్వు.

"నా దగ్గర పసుపు రంగే ఉంది అక్కా, పరవాలేదా?"

"పసుపైతే మరీ మంచిది తమ్ముడూ, బొట్టు కూడా పెట్టి పంపిస్తా."

గ్యారేజీలో ఈ పనికే ఉంచిన పాత చిన్న ఓవెన్లో కాల్చింది. పూతతో గుళ్లు రవ్వంత లావెక్కాయి. ఆ డైలోంచే తోసింది. ఈసారి బిగువుగా, మెల్లగా దిగాయి. నీలం చుట్టూరా సమంగా చెరిగింది. పాలిష్ ముద్దని ఆనందరావు ఎప్పుడో తీసి ఎక్కడో దాచేశాడు. ఆమె అడగనూ లేదు.

శనివారం చాప మీద పడుకుని అయిదు గుళ్లు కాల్చింది. రామ్‌సామి టెలిస్కోపులోంచి చాలాసేపు చూశాడు.

"ఏంటి తమ్ముడూ, చెప్పు!"

"రౌండ్ అక్కా. అన్నీ రౌండే." ఆయన పక్కకి జరిగాడు. "నువ్వే చూసుకో."

చూసుకుంది. కళ్లలో నీళ్లు తిరిగి ముందు ఏమీ కనిపించలేదు. తుడుచుకుని మళ్లీ చూసింది. ఎంత చక్కటి కన్నాలు!

ఆదివారం పోటీ మధ్యాహ్నం దాకా సాగింది. చివరి గుండు పేలాక, లెక్కలు తేలాక, జ్ఞానప్రసూన పార్కింగుకి నడిచొచ్చింది. మోచేతులనిండా దుమ్ము, భుజం కమిలింది. ఆనందరావు అద్దం దించాడు.

"గెలిచారా?"

"లేదండీ. ఓడిపోయాం."

"అయ్యో!" అని ఆమె ముఖంలోకి చూసి తెల్లబోయాడు. "మరి ఆ సంబరం ఏంటి?"

"ఇన్నేళ్లూ వాళ్లు ఓడిపోతే నేను చూసొచ్చేదాన్ని. ఇవాళ మేం ఓడిపోయామండీ!" అంటూ కారెక్కి తలుపేసుకుంది. "నా నాలుగో గుండు తప్పింది తెలుసా? అదొక్కటి పడుంటే గెలిచేవాళ్లం. నా వల్లే పోయింది. గాలి అటు తిరిగింది, నేను చూసుకోలేదు..."

టూంగాబీ వచ్చేదాకా ఆ తప్పిన గుండు ముచ్చటే చెప్పింది.