బాత్‌రూం గడియ ఊడిన పదకొండు రోజులు

మా వదిన బస్టాండులో అనౌన్సరు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఏది ఎంత ఆలస్యమో పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా మైకులో చెబుతుంది. ఇంటికి రాగానే మేం అయిదుగురం గుమ్మంలోనే పట్టుకుంటాం. అమ్మకు ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో కావాలి, నాన్నకు కళ్లజోడు కావాలి, అన్నయ్యకు ఏదో కాగితం కావాలి, వాళ్లమ్మాయి బుజ్జికి లెక్కలు కావాలి. నాకు టీ కావాలి. వదిన అందరికీ జవాబు చెప్పి, చెప్పులు విడిచి, బాత్‌రూంలోకి వెళ్లి గడియ పెట్టుకుంటుంది. పంపు తిప్పిన చప్పుడు వినిపిస్తుంది. పావుగంట.

"ట్యాంకంతా ఈ పిల్ల ఒక్కతే ఖాళీ చేస్తుంది," అని అమ్మ రోజూ సణిగేది. వదినకు శుభ్రం ఎక్కువలే అని మేం సర్దిచెప్పేవాళ్లం.

ఒక సోమవారం ఆ గడియ ఊడి నాన్న చేతిలోకి వచ్చింది. తలుపు చెక్క నీళ్లకు నాని నాని మెత్తబడిపోయింది. ఇంటికి ఉన్నది ఒకటే బాత్‌రూం, అన్నీ అందులోనే. ఇన్నేళ్లు ఆరుగురి మానం కాపాడిన ఆ గడియకి ఒక్క చుక్క నూనె వేసిన పాపాన పోలేదు మేం.

వడ్రంగిని పిలుద్దామని నేనన్నాను. అన్నయ్యకు రోషం వచ్చింది. అన్నయ్య దగ్గర స్క్రూడ్రైవర్ల పెట్టె ఉంది. అది ఉన్నంత కాలం మా ఇంట్లో వడ్రంగి అడుగు పెట్టడం కుదరదు. "ఇదెంత పని! ఆదివారం నేనే చేస్తా," అన్నాడు. అందాకా ఒక నియమం కూడా పెట్టాడు. లోపల ఉన్నవాళ్లు ఏదో ఒక చప్పుడు చేస్తూ ఉండాలి. చప్పుడు ఆగితే గది ఖాళీ అని లెక్క.

నాన్న దగ్గేవారు. రెండో రోజుకి అది నిజం దగ్గయింది. నేను ఈల వేసేవాణ్ణి. బుజ్జి ఎక్కాలు చదివేది. పదహారో ఎక్కం దాకానే వచ్చు గనక అక్కడితో స్నానం ముగించి, సగం సబ్బుతో బయటికి వచ్చేది. అమ్మ తనను పెళ్లిళ్లకు సరిగ్గా పిలవని బంధువుల పేర్లు వరసగా చెప్పుకునేది. ఇన్ని రోజుల్లో ఏ పేరూ రెండోసారి రాలేదు.

వదిన మొదటి రోజు అందరినీ నవ్వించింది. "ప్రయాణికులకు విజ్ఞప్తి. బాత్‌రూంలో ప్రస్తుతం ఇంటి కోడలు ఉన్నారు. తరువాతి వారు కొద్ది ఆలస్యంగా బయలుదేరును." అచ్చం బస్టాండు గొంతే. మేం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. మర్నాడు తలుపు బయట నిలబడి మళ్లీ చెప్పమన్నాం. చెప్పింది. మూడో రోజూ అడిగాం. చెప్పింది.

నాలుగో రోజు నుంచి సాయంత్రం బాత్‌రూం వైపు వెళ్లడమే మానేసింది. పొద్దున మాత్రం "ఉన్నాను, నేనున్నాను" అంటూ రెండు చెంబులు పోసుకుని బయటపడేది. బస్టాండు నుంచి రాగానే నేరుగా వంటింట్లోకి నడిచేది. టీ తొందరగా దొరుకుతోందని నేను సంతోషించాను. అంతవరకే నా తెలివి.

ఆదివారం అన్నయ్య పాత స్క్రూల బొక్కల్లో అగ్గిపుల్లలు కొట్టి గడియ బిగించాడు. సోమవారం పొద్దునకి గడియతో పాటు అగ్గిపుల్లలూ ఊడాయి.

పదో రోజు స్నేహితుణ్ణి బస్సెక్కించడానికి నేను బస్టాండుకి వెళ్లాను. మైకులో వదిన గొంతు బొంగురుగా వినిపిస్తోంది. "మూడో ప్లాట్‌ఫారం మీద ఉన్న బస్సు మరి కొద్ది..." అంటుండగా ఎవరో ఆమె గది తలుపు తట్టారు. ఆ చప్పుడూ మైకులోకి వచ్చింది.

"ఉన్నాను! నేనున్నాను! లోపలికి రావద్దు!" అని వదిన అరిచింది.

బస్టాండంతా వింది. మూడో ప్లాట్‌ఫారం మీద బస్సెక్కబోతున్నవాళ్లు మెట్ల మీదే ఆగిపోయారు. ఆ తర్వాత అంతా ఘొల్లున నవ్వారు. నేనూ నవ్వబోయాను. రెండు నిమిషాలు మైకు మోగలేదు. మళ్లీ మోగినప్పుడు ఆ గొంతులో ఏడుపుంది. బస్సు నంబర్లు మాత్రం సరిగ్గానే చెప్పింది. నాకు సిగ్గేసింది.

తలుపు తట్టింది ఆమె పైఅధికారి. ఇంకోసారి ఇలా జరిగితే మైకు వేరేవాళ్లకి ఇస్తానన్నాడని అక్కడి గుమాస్తా చెప్పాడు. నేను ముందే ఇంటికొచ్చి అమ్మకు అంతా చెప్పాను.

సాయంత్రం వదిన వచ్చింది. అందరికీ జవాబులు చెప్పింది. బాత్‌రూం తలుపు దాకా వెళ్లి, గడియ ఉండాల్సిన చోట వేలితో తడిమి, వంటింటి వైపు తిరిగింది.

"ఇటు రా," అంది అమ్మ. ముక్కాలిపీట లాక్కొచ్చి తలుపు పక్కన వేసుకుంది. "లోపలికి పో. నువ్వేం చెప్పక్కర్లేదు. నేనిక్కడ కూచుంటా."

"స్నానం పొద్దున్నే అయింది అత్తయ్యా."

"స్నానం సంగతి నేనడిగానా?"

వదిన లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. పంపు చప్పుడు వినిపించింది. అంతలో అన్నయ్య పరుగున వచ్చాడు.

"అమ్మా, అర్జెంటు."

"ఆపుకో."

"పావుగంటా?"

"అది పది రోజుల నుంచి ఆపుకోవట్లేదూ?"

అన్నయ్యకు అర్థం కాలేదు. అయినా వెనక్కి తగ్గాడు.

"రోజూ నీళ్ల కోసం సణిగింది నువ్వే కదమ్మా?" అన్నాను.

"పాత ఇంట్లో సామాన్ల గది ఉండేది," అంది అమ్మ. "మీరిద్దరూ, మీ నాన్నా, మీ నానమ్మా తలా ఒకవైపు నుంచి పిలుస్తుంటే, అందులోకి పోయి గడియ పెట్టుకునేదాన్ని. ఏదో వెతుకుతున్నట్టు డబ్బాలు కదిపేదాన్ని."

"ఏం వెతికేదానివి?"

"ఏమీ లేదు. ఊరికే కూచునేదాన్ని."

"మరి తెలిసుండీ ఎందుకు సణిగావ్?"

"మర్చిపోయాన్రా," అంది అమ్మ.

మర్నాడు అన్నయ్యే వెళ్లి వడ్రంగిని పిలుచుకొచ్చాడు. దారి పొడుగునా తన స్క్రూడ్రైవర్ల గురించి చెప్పాడట. మెత్తబడిన చెక్క కోసి, కొత్త ముక్క అతికించి, కొత్త గడియ బిగించడానికి వడ్రంగికి ఇరవై నిమిషాలు పట్టింది. నేను దానికి ఒక చుక్క నూనె వేశాను.

"కొత్తదానికి నూనెందుకండీ?" అన్నాడు వడ్రంగి.

"పాతదానికి వేయలేదు," అన్నాను.

ఆ సాయంత్రం వదిన గుమ్మంలోకి వస్తే ఎవరూ ఏమీ అడగలేదు. లోపలికి వెళ్లింది. గడియ పడిన చప్పుడు వినిపించింది. గడియ ఉన్నా సరే, అమ్మ పీట వేసుకుని కూచుంది. అందరం పంపు చప్పుడు కోసం చూశాం. రాలేదు. నాన్నకు దగ్గు వచ్చింది. అమ్మ చూసిన చూపుకి మింగేశారు. బుజ్జి ఎక్కాలు పెదాలతోనే చదువుకుంది.

పావుగంటకి వదిన బయటికి వచ్చి వంటింట్లోకి నడిచింది. ఆమె నడిచిన నేల మీద ఒక్క తడి అడుగు కూడా పడలేదు. అమ్మ ఆ నేల వంక చూసి, పీట తీసి లోపల పెట్టేసింది.