ముందుకు జరిగిన తాటిచెట్టు

రెండేళ్ల క్రితం మా బాబాయి బందరులో పడవ ఇంజన్ల కంపెనీ పెట్టాడు. తన ఇంజను ఎంతటి ఆటుకైనా ఎదురెళ్తుందని ఊరంతా చెప్పాడు. వాటాదార్లకు చూపించడానికి హంసలదీవి దగ్గర ఒక పడవకు దాన్ని బిగించి, అమ్మనీ నన్నూ కూడా ఎక్కించాడు. బరువు తగ్గితే వేగం బాగా కనబడుతుందని లంగరూ తెడ్లూ ఒడ్డునే దింపించాడు.

కృష్ణ సముద్రంలో కలిసేచోటి దాకా హాయిగా వెళ్లాం. వెనక్కి తిరిగేసరికి ఆటు మొదలై, నీళ్లు సముద్రంలోకి లాగుతున్నాయి. ఇంజను చెవులు పగిలేలా మోగుతోంది.

"చూశారాండీ జోరు!" అన్నాడు బాబాయి.

నేను ఒడ్డున ఉన్న ఒంటరి తాటిచెట్టునే చూస్తున్నాను. వెనకబడాల్సిన ఆ చెట్టు మెల్లగా మాకంటే ముందుకు జరుగుతోంది. నలుగురిలో నోరు విప్పని నేను, "బాబాయ్, మనం సముద్రంలోకి పోతున్నాం!" అని అరిచాను.

"ఇంత హోరు వినబడట్లేదుటే? పుస్తకాలు చదివి చదివి దీనికి కళ్లు తిరుగుతున్నాయండీ," అన్నాడు. అందరూ నవ్వారు.

ఆ నవ్వులుండగానే ఇంజను ఆగిపోయింది. నిశ్శబ్దంలో అలల మోత మా వెనకే వినిపించింది. అందరి చూపులూ లంగరు ఉండాల్సిన చోటికి వెళ్లాయి. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

వేట నుంచి తిరిగొస్తున్న తెరచాప పడవవాళ్లు తాడు విసరబట్టి బతికాం. ఆ తాడు పట్టుకునే బాబాయి, "చమురులో నీళ్లు కలిశాయండీ, వచ్చేసారి చూడండి," అంటున్నాడు.

ఇప్పటికీ ఎవరైనా మరీ ధీమాగా మాట్లాడుతుంటే, నా కళ్లు ఒడ్డున చెట్టు కోసం వెతుకుతాయి.