వేలి కణుపుల మీద అబద్ధం

ఎన్నో ఏళ్ళుగా నా కుడిచేతి చూపుడువేలు బరువుగా ఉంది. డాక్టరుగారు షుగరు వల్ల వచ్చిన తిమ్మిరి అంటారు. కావచ్చు. కానీ ఈ బరువు షుగరు కంటే ముందు నుంచీ ఉంది.

నేను కోతలరాయుణ్ణని మా ఊళ్ళో అందరికీ తెలుసు. మీకు తెలియదు కాబట్టి మొదటే చెబుతున్నాను. ఇందులో నా గొప్ప ఎక్కడైనా కనిపిస్తే సగం తీసేయండి. నా తప్పు కనిపించిన చోట మాత్రం ఏమీ తీయకండి.

ద్రాక్షారామానికి దగ్గర్లోనే మా ఊరు. మా చిన్నాన్న కూతురు సుభద్ర మా ఇంట్లోనే ఉంటుంది. పుట్టుచెవుడు. మాట రాలేదు. బడిలో అక్షరాలు చూసి నేర్చుకుంది. వయసొచ్చాక చూపు అంచుల నుంచి ముడుచుకుంటూ వచ్చి, చివరికి పూర్తిగా పోయింది. ఇక ఆమెకు లోకమంటే చేతికి తగిలినంతే. అరుగు మీద కూర్చుని కొబ్బరాకుల ఈనెలు తీసి చీపుళ్ళు కడుతుంది.

ఆమెతో మాట్లాడే పద్ధతి నేనే కనిపెట్టానని కాకినాడ దాకా చెప్పుకున్నాను. బొటనవేలు క-వర్గం, చూపుడువేలు చ-వర్గం, అలా చిటికెనవేలు ప-వర్గం. గోరు, మూడు కణుపులు, వేలి మొదలు, ఒక్కో చోట ఒక్కో అక్షరం. బొటనవేలికి చోటు చాలక 'ఙ'ని వదిలేశాం. మిగతా అక్షరాలు అరచేతిలో. గుణింతానికి ఒక గీటు, ఒక నొక్కు. ఎంత తెలివి కదా? తెలివే, కానీ నాది కాదు. కనిపెట్టింది సుభద్ర. రాబోయేది తెలిసి, చూపు ఇంకా కాస్త ఉండగానే, నా వేళ్ళు పట్టుకుని నేర్పింది.

ఇంకెవరికీ నేను నేర్పలేదు. నా భార్య అడిగితే "నీకు రాదులే" అన్నాను. పక్కింటి టీచరుగారు అడిగితే "ఇది ఉపాసనలాంటిదండి, ఏళ్ళు పడుతుంది" అన్నాను. వారం చాలు.

ఎందుకు నేర్పలేదు? నలుగురూ అరుగు చుట్టూ చేరి, ఆవిడేమంటోందండీ అని నా మొహం కేసి చూసేవారు. పులుసులో ఉప్పు చాల్లేదని ఆమె చెబితే, గాలివాన రాబోతోందంటోందని నేను చెప్పేవాణ్ణి. ఆమెకూ అంతే. సర్పంచిగారి కళ్ళజోడు కాకి ఎత్తుకుపోయిందని రాసేవాణ్ణి. చప్పుడు లేకుండా భుజాలు ఊగేలా నవ్వేది.

ఒకరోజు నా వేళ్ళ మీద అడిగింది, నాలాంటివాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా అని. ఏమో అనొచ్చు కదా. లోకంలో నువ్వొక్కదానివే అని రాశాను. గొప్పగా ఉంటుందనుకున్నాను. ఆమె నవ్వలేదు. మళ్ళీ ఈనెలు తీయడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత రాజమండ్రి నుంచి ఒక మేడమ్ వచ్చారు. చెవులూ కళ్ళూ రెండూ లేనివాళ్ళకు స్పర్శతో చదువు చెప్పేవారట. మా ఊరి నర్సమ్మ చెబితే వెతుక్కుంటూ వచ్చారు.

"ఒకసారి ఆవిణ్ణి అడగండి బాబాయిగారూ. మా దగ్గర ఇలాంటివాళ్ళు చాలామంది ఉన్నారండి. ఒకళ్ళ చేతుల్లో ఒకళ్ళకి రోజంతా కబుర్లే. నెల్లాళ్ళు ఉండి చూడమనండి. నచ్చకపోతే నేనే తీసుకొచ్చి దింపుతాను."

"ఉండండి, అడుగుతాను" అని సుభద్ర చెయ్యి అందుకున్నాను.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. చూపు పోతున్న రోజుల్లో ఆమెను పట్నంలో ఆసుపత్రిలో చేర్చాం. కళ్ళకు కట్టు కట్టారు. మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. పగలో రాత్రో తెలియక, చేతికి ఒక్క మాటైనా అందక, అన్ని రోజులూ అలాగే పడి ఉంది. ఇంటికొచ్చాక నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆసుపత్రి అన్న మాటకు ఆమె ఒళ్ళు ఏమవుతుందో నాకంటే బాగా ఎవరికీ తెలియదు.

తెలిసే రాశాను. ఆసుపత్రివాళ్ళు వచ్చారు, నిన్ను తీసుకుపోతారట అని.

ఆమె గొంతులోంచి నేనెప్పుడూ వినని శబ్దం వచ్చింది. మేడమ్ దగ్గరకొచ్చి మెల్లగా భుజం మీద చెయ్యి వేశారు. సుభద్ర ఆ చేతిని విదిలించి, ఈనెల కత్తి పట్టుకుని, గోడకు అతుక్కుపోయింది.

"ఏం చెప్పారండి ఆవిడకి?"

"మీరన్నదే చెప్పానండి. ఇల్లు వదిలి రానంటోంది."

మేడమ్ సుభద్ర చేతిలోని కత్తి కేసి చూశారు. "సరేనండి. కానీ రేపు మీకేదైనా అయితే, ఈవిడతో మాట్లాడేదెవరండి?"

"నాకేమవుతుందండి? గుండ్రాయిలా ఉన్నాను."

ఆవిడ నవ్వలేదు. వెళుతూ ఇచ్చిన కార్డు ఆ సాయంత్రమే పొయ్యిలో వేశాను.

ప్రేమ కొద్దీ చేశానా? కొత్తచోట బెంగ పెట్టుకుంటుందని, నేను లేకుండా ఉండలేదని, చాలా ఏళ్ళు నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. కాదు. ఆమె వేళ్ళ మీద ఇంకెవరైనా మాట్లాడితే నేను ఉత్త కోతలరాయుణ్ణి అవుతాను. అంతే.

ఇప్పుడు వేళ్ళు పోతున్నాయి. మొదటి కణుపు మీద నొక్కాననుకుంటే రెండోదాని మీద పడేది. మధ్యలో ఆపి, ఏంటి అని అడిగేది సుభద్ర. నా వేలు పట్టుకుని తనే సరైన చోట పెట్టేది. తిమ్మిరి మణికట్టు దాటింది, ఎడమచేతికీ మొదలైంది. ఈ చెయ్యి పడిపోయిన రోజున ఆమెకు లోకంలో మనిషి ఉండడనిపించింది. ఆమె అరుస్తుంది, అందరూ చుట్టూ నిలబడి చూస్తారు. ఇంకో భయం కూడా పట్టుకుంది. నా అబద్ధం సంగతి ఆమెకు చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. నేను పోతే అది ఆమెకు ఎప్పటికీ నిజమే.

అందుకే పది రోజుల కిందట చెప్పేశాను. ఆ రోజు వచ్చింది ఆసుపత్రివాళ్ళు కాదు, నీలాంటివాళ్ళు ఉన్నారు, నిన్ను రమ్మన్నారు, నేనే అబద్ధమాడాను అని. వేలు జారి కొన్ని మాటలు మళ్ళీ మళ్ళీ రాయాల్సి వచ్చింది. తప్పును అన్నిసార్లు రాయడం ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. నా చెయ్యి తీసుకుని, ఒక్కో కణుపూ నిదానంగా నొక్కుతూ అడిగింది.

వాళ్ళ పేర్లేంటి?

నాకు పేర్లు అల్లడం ఎంతసేపు? రమణ, వెంకటలక్ష్మి, ఇంకో నలుగురు, వాళ్ళ ఊళ్ళూ కబుర్లూ అన్నీ మనసులో తయారైపోయాయి. నమ్మేది కూడా. వేలు ఆమె చేతి మీదే ఆగిపోయింది.

తెలియదు అని రాశాను.

ఆమె చెయ్యి లాక్కుంది. చీరకొంగుతో వేళ్ళు ఒక్కొక్కటీ తుడుచుకుంది.

అప్పటి నుంచి చెయ్యి ఇవ్వడం లేదు. మా ఇంటి కోడలికి పద్ధతంతా నేర్పాను, ఇట్టే వచ్చేసింది. కానీ ఆ పిల్ల దగ్గరకెళ్ళినా సుభద్ర పిడికిళ్ళు ఒళ్ళో దాచుకుంటోంది. మేడమ్ కోసం కోడలు ఫోన్లో వెతుకుతోంది. ఇంకా దొరకలేదు.

క్షమించమని అడగాలంటే ఆ చెయ్యి కావాలి. అది నాకు అందదు. మీకు చెప్పాను. ఇవాళ పొద్దున ఇది చెప్పడం మొదలుపెట్టినప్పటి నుంచి ఊపిరి కాస్త లోపలిదాకా వెళుతోంది. అంతే.