మార్తమ్మ పిన్ని తాగొచ్చిన టీ

పద్దెనిమిదేళ్ళుగా ఒక గ్లాసు టీ నా గుండెల మీద కూర్చుని ఉంది. నవ్వుకోండి, పర్లేదు. నాకూ నవ్వొస్తుంది. కానీ దించుకోలేకపోయాను. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

నేను షుగర్ వ్యాధి మీద పరిశోధన చేస్తాను. ఇన్సులిన్ తయారుచేసే కణాలను గాజు పళ్ళేల్లో పెంచి, అవి ఎందుకు అలిసిపోతాయో చూడటం నా ఉద్యోగం. మొదట్లో మనుషుల రక్తం మీద పనిచేసి, తర్వాత కణాలకు ఎందుకు మారారని సభల్లో అడుగుతుంటారు. వ్యాధి మూలంలోకి వెళ్ళాలనిపించిందని గంభీరంగా చెబుతాను. అసలు సంగతేమిటంటే, కణాలు మనం పోసింది తప్ప ఇంకేమీ తాగవు.

పీహెచ్‌డీ కోసం గుంటూరు పక్కనున్న మా ఊరినే ఎంచుకున్నాను. మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ళలో షుగర్ ఎంతమందికి ఉందో చూడాలి. పొద్దున్నే, పనికి పోకముందు, మా చర్చి వరండాలో రక్తం తీస్తానన్నాను. పరగడుపున రావాలి. ఈస్టరుకు ముందు శ్రమల దినాలు నలభై రోజులూ ఉపవాసాలుండే ఊరు మాది. అందుకని, "శ్రమల దినాల్లో ఉన్నట్టే ఉండి రండి" అన్నాను. ఎంత తేలిగ్గా చెప్పానో అని మురిసిపోయాను కూడా.

అందరూ వచ్చారు. చిట్టచివర మా అమ్మకు వరసకు చెల్లెలు, మార్తమ్మ పిన్ని. ఆమె రక్తం తీసి సీసాకు మూత పెడుతుంటే, కొంగుతో మూతి తుడుచుకుంది.

"ఏమన్నా తిన్నావా పిన్నీ?"

"ఏం తినలా. టీ తాగొచ్చా."

"పంచదార వేసుకునా?"

"లేకపోతే అది టీ ఎట్టా అవుద్దే? ఉపవాసంలో పాస్టరు గారే రెండు గ్లాసులు తాగుతారు. నన్నొక్కదాన్నే అడుగుతావేం, అందరం తాగే వచ్చాం."

నిజమే. మా ఊళ్ళో ఉపవాసానికి టీ అడ్డం కాదు. అక్కడే పుట్టిన నాకు తెలియదా? తెలుసు. చెప్పేటప్పుడు తట్టలేదు. అంతవరకూ పొరపాటే. తర్వాత చేసింది పొరపాటు కాదు. మళ్ళీ పిలిస్తే వాళ్ళ కూలి పోతుందని నాకు నేను నచ్చజెప్పుకుని, నిజానికి మా గైడు గారికి భయపడి, అందరి పేర్ల పక్కనా 'పరగడుపు' అని రాశాను. నాకు డాక్టరేటు వచ్చింది.

పిన్నికి షుగర్ వచ్చింది, అదీ కాగితం మీద. అది టీ పుణ్యమేమో అని తెలిసి కూడా చీటీ చేతికిచ్చి, తీపి మానేయమన్నాను. మా పిన్ని మానేసిందంటే మానేసినట్టే. క్రిస్మస్‌కు అరిసెలు వండి ఊరంతా పంచేది. ఒక్కటి కూడా నోట్లో వేసుకునేది కాదు. ఆ తర్వాత ఎన్నిసార్లు పరీక్ష చేయించుకున్నా షుగర్ లేదనే వచ్చింది. దాంతో నా పేరు ఇంకా మోగిపోయింది. ఏటా కొత్త సంవత్సరం ఆరాధనలో లేచి సాక్ష్యం చెప్పేది. దేవుడు మా అమ్మాయి చేత ముందే పట్టించాడు, పథ్యంతోనే రోగం పారిపోయింది అని. అందరూ ఆమెన్ అనేవాళ్ళు. నేను తల దించుకునేదాన్ని. ఎంత చదివినా ఎంత వినయమో అనుకునేవాళ్ళు.

ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు? డిగ్రీ పోతుందనా? మొదట్లో అదే. తర్వాత్తర్వాత, ఆ సాక్ష్యం వినడం నాకు ఇష్టమైపోయింది. అన్నిటికన్నా ఈ మాట రాయడానికే ఎక్కువ సిగ్గేస్తోంది.

మొన్న వెళ్ళి పిన్నికి చెప్పేశాను. అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. అంతా విన్నది. గింజలు తీస్తూనే ఉంది. పోనీలేవే అంటుందేమోనని ఆశగా చూశాను. అనలేదు. తిట్టనూ లేదు. చివరికి, "ఇక సాక్ష్యం నేను చెప్పనమ్మాయ్. ఈ ఆదివారం నువ్వు చెప్పు," అని లోపలికి వెళ్ళిపోయింది.

యూనివర్సిటీకి రాయాల్సిన ఉత్తరం నిన్ననే రాసి పంపాను. అది చేయగలిగాను. చర్చిలో లేచి నిలబడి చెప్పడానికే ధైర్యం చాలడం లేదు. అందుకే ముందు మీ దగ్గర చెప్పి చూసుకున్నాను. క్షమాపణ దొరకలేదు, అయినా ఒళ్ళు తేలికైంది. పొద్దుటినుంచి ఊరికే ఏదో కూనిరాగం తీస్తున్నానని మా ఆయన వింతగా చూస్తున్నాడు.

ఆదివారం ఆరాధన తొమ్మిదింటికి. పిన్ని ఎప్పుడూ ముందు వరసలోనే కూర్చుంటుంది.